ఆలస్యంగా వచ్చే ఆడవాళ్ల కోసం ఒక డాక్టరమ్మ

నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం, ఒక సోమవారం ఓపీ. బయట క్యూ వరండా దాటి మెట్ల దాకా పోయింది. నలభై దాటిన ఒకావిడ భర్తతో వచ్చింది. ఆవిడ స్టూలు మీద కూర్చుంది, ఆయన వెనక నిలబడ్డాడు. ఏం ఇబ్బంది అని ఆవిణ్ని అడిగితే ఆయన జవాబిచ్చాడు. మొలలున్నాయట, అప్పుడప్పుడూ రక్తం పడుతోందట, ఒకటే నీరసమట. కంటి రెప్ప కిందకు లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. లోపల పరీక్ష చేయాలన్నాను. ఆవిడ తల దించుకుంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. నర్సు వార్డులో ఉంది, బయట జనం తలుపు తోస్తున్నారు. ఐరన్ మాత్రలు, మొలలకు పూత మందు రాసి పంపించేశాను. మూడు నెలలకు మళ్లీ వచ్చింది, బాగా చిక్కిపోయి. ఈసారి నర్సును పిలిపించి, ఆయన్ను బయట కూర్చోమని, గ్లవ్స్ వేసుకుని వేలితో పరీక్ష చేశాను. గట్టిగా గడ్డ తగిలింది. బయాప్సీలో పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన క్యాన్సర్ అని తేలింది.

అర నిమిషం పరీక్ష. అది చేయనందుకు మూడు నెలలు పోయాయి. ఆ తర్వాత ఆవిడే మెల్లగా చెప్పింది, రక్తం పడటం మొదలై అప్పటికే ఏడాదిన్నర దాటిందని. కూతురి పెళ్లి అయ్యాక చూపించుకుందాం అనుకుందట. నేను పోగొట్టిన మూడు నెలలకు ముందు ఇల్లు పోగొట్టిన ఏడాదిన్నర ఉందన్నమాట. నా తప్పు తగ్గించుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. రెండూ ఒకే దారిలో జరిగాయని చెబుతున్నాను.

వందేళ్ల క్రితం మద్రాసులో ఒక డాక్టరమ్మ ఇంట్లో ఇలాంటిదే జరిగింది. ఆమె చెల్లెలికి విరేచనాల్లో రక్తం. డాక్టర్లు మామూలు రక్త విరేచనాలే అనుకుని మందులిచ్చారు. అసలు జబ్బు క్యాన్సర్ అని తెలిసేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఇంట్లోనే డాక్టరుండి, చదువుకున్న కుటుంబమై ఉండి, మద్రాసులో ఉండి కూడా ఆ చెల్లెలు బతకలేదు. ఆ డాక్టరమ్మ పేరు ముత్తులక్ష్మి రెడ్డి. దేవదాసీ వ్యవస్థను రద్దు చేయించిన నాయకురాలిగా మీలో చాలామంది స్కూలు పుస్తకాల్లో చదివే ఉంటారు. సినిమా అభిమానులైతే ఇంకో రకంగా గుర్తు పెట్టుకోవచ్చు. మన సావిత్రి భర్త జెమినీ గణేశన్‌కు ఆమె స్వయానా మేనత్త. నాకు మాత్రం ఆమె మొదట డాక్టర్. ఆమె చేసిన చట్టాల పనంతా ఓపీలో రాయలేని మందుచీటీల్లాగే కనిపిస్తుంది.

ఆమె పుట్టింది 1886 జులై 30న, అప్పటి పుదుక్కోట్టై సంస్థానంలో. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడ. ఆ పెళ్లితో తండ్రి వైపు బంధువులు దూరమయ్యారు. తల్లి వైపు బంధుత్వాన్ని చూసి ఊరు దూరం పెట్టింది. అలాంటి ఇంట్లో పెద్ద కూతురంటే అప్పటి లెక్కలో ఏమవ్వాలో మీరు ఊహించుకోవచ్చు. ఈడు రాగానే బడి మాన్పించడం ఆనవాయితీ. తల్లి సంబంధాలు చూడాలంది. పిల్ల చదువుకుంటానంది. తండ్రి ఇంట్లోనే చదువు చెప్పించి, ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ రాయించారు. 1902లో పాసైంది.

ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. ఊళ్లో ఉన్నది మగపిల్లల కాలేజీ ఒక్కటే. అక్కడ సీటుకు దరఖాస్తు పెడితే కాలేజీ పెద్దలూ, అక్కడ చదివే అబ్బాయిల తల్లిదండ్రులూ అభ్యంతరం చెప్పారు. ఆడపిల్ల అన్నది ఒక కారణం. దేవదాసీ ఇంటి పిల్ల అన్నది రెండోది. ఆమె క్లాసులో కూర్చుంటే మగపిల్లలు చెడిపోతారన్నారు. ఆమె చేసిన తప్పేమీ లేకుండానే, ఇంకొకరి నడవడికకు ఆమెను బాధ్యురాల్ని చేశారు. ఈ వాదన ఎక్కడో విన్నట్టు అనిపిస్తే మీ తప్పు కాదు. హాస్టల్ టైమింగుల మీదా, ఆడపిల్లల బట్టల మీదా జరిగే చర్చల్లో ఇప్పటికీ ఇదే వినిపిస్తుంది. పుదుక్కోట్టై రాజా మార్తాండ భైరవ తొండమాన్ ఆ అభ్యంతరాలను పక్కనపెట్టి సీటిప్పించారు, స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు. ఒక రాజుగారి మొండితనం వల్ల ఒక పిల్ల చదువు నిలిచింది. అలాంటి రాజుగారు అడ్డుపడని పిల్లలు ఎంతమందో లెక్క లేదు.

1907లో ఆమె మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. అక్కడ చదివిన తొలి మహిళ ఆమేనని వాట్సప్ సందేశాల్లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. 1875లోనే మేరీ షార్లీబ్‌తో కలిపి నలుగురు ఆడవాళ్లు ఆ కాలేజీలో చేరారు. ముత్తులక్ష్మి గొప్పతనానికి ఆ తొలి అన్న ముద్ర అక్కర్లేదు. ముప్పై ఏళ్లు గడిచినా ఆడపిల్ల ఉనికి అక్కడ ఎంత ఇబ్బందిగా ఉండేదంటే, సర్జరీ చెప్పే ఒక తెల్ల ప్రొఫెసర్ అమ్మాయిల్ని తన క్లాసుకు రానిచ్చేవాడు కాదు. ఆమెకు సర్జరీలో వచ్చిన మార్కులు చూశాక ఆయన ఆ పట్టు వదిలాడు. 1912లో పతకాలతో డిగ్రీ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేరింది.

పెళ్లి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు, 1914లో, డాక్టర్ సుందర రెడ్డిని చేసుకుంది. ఆయన ఎఫ్ఆర్‌సీఎస్ చదివిన సర్జన్. పెళ్లికి ముందే ఆమె ఒక షరతు పెట్టింది. తనను సమానంగా గౌరవించాలి, తన ఇష్టాలకు అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నాకే 1872 నాటి చట్టం కింద పెళ్లి జరిగింది. కులాలు వేరు, తంతు వేరు. ఆ రోజుల్లో పన్నెండేళ్లకు అత్తారింటికి వెళ్లిన మన అవ్వల్ని తలచుకుంటే, పెళ్లికి ముందు వరుడికి షరతు పెట్టడమన్న ఊహే ఎంత దూరమో తెలుస్తుంది.

కాన్పుల గది నుంచి చట్టసభకు

మద్రాసులో ఆమె స్త్రీలకూ పిల్లలకూ వైద్యం చేసే డాక్టర్‌గా స్థిరపడింది. అప్పటి డాక్టర్లు చూసిన కాన్పులు ఎలాంటివో ఒక్క నిమిషం ఆలోచించండి. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు కటి ఎముకలు పూర్తిగా ఎదగవు. బిడ్డ తల కిందకు దిగదు. నొప్పులు రోజుల తరబడి సాగుతాయి. బిడ్డ తల అలా నొక్కుకుని ఉంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య గోడ రక్తం అందక చచ్చిపోయి రంధ్రం పడుతుంది. తల్లి బతికినా ఆ తర్వాత జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. ఆ వాసనకు మొగుడు వదిలేస్తాడు, పుట్టింటివాళ్లు కొట్టంలో పడుకోబెడతారు. దీనికి ఆపరేషన్ ఉంది, కానీ అసలు మందు పిల్ల వయసు. ఆ మందు ఏ డాక్టరూ చీటీ మీద రాయలేడు.

1920ల మొదట్లో చెల్లెలు పోయింది. 1925లో ప్రభుత్వ సహాయంతో ఇంగ్లండ్ వెళ్లింది, అప్పటికి ఇద్దరు మగపిల్లల తల్లి. లండన్‌లో చెల్సీ మహిళల ఆసుపత్రిలోనూ, అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పనిచేసి వైద్యం నేర్చుకుంది. క్యాన్సర్ అంటే చేతులెత్తేయడమే అనుకునే దేశం నుంచి వెళ్లి, క్యాన్సర్‌కంటూ ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండటం, ముందుగా వచ్చినవాళ్లు కొందరు నయమై ఇంటికి పోవడం ఆమె కళ్లారా చూసింది. అలాంటిది మద్రాసులో పెట్టాలన్న కోరిక అక్కడే గట్టిపడింది. అది తీరడానికి ఇంకా ముప్పై ఏళ్లు పడుతుంది.

తిరిగొచ్చేసరికి వేరే పిలుపు సిద్ధంగా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ 1921లోనే, ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. 1926లో చట్టసభలో కూర్చునే హక్కూ వచ్చింది. అడయార్‌లో 1917లో పుట్టిన ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఆమె పేరు సూచించింది. ప్రభుత్వం ఆమెను మద్రాసు శాసన మండలికి నామినేట్ చేసింది. ప్రాక్టీసు దెబ్బతింటుందని, పరిశోధన ఆగిపోతుందని ఆమె మొదట వెనకాడింది. చివరికి ఒప్పుకుంది. బ్రిటిష్ ఇండియాలో చట్టసభ సభ్యురాలైన తొలి మహిళ ఆమె. 1927లో సభ ఆమెను డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. కాబట్టి ఆమె మాట్లాడింది మన అవ్వల గురించి కూడా.

సభలో ఆమె అడిగినవి చూస్తే ఒక డాక్టర్ లిస్టులాగే ఉంటాయి. బడిపిల్లలకు ఆరోగ్య పరీక్షలు, పిల్లలకూ ఆడవాళ్లకూ వైద్య సదుపాయం, ముస్లిం ఆడపిల్లలకు హాస్టల్. బ్రోతల్ హౌస్‌లను మూయించే చట్టం. 1928లో పెళ్లి వయసు ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 21 చేయాలని తీర్మానం పెట్టింది. తర్వాత కేంద్రంలో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 దగ్గరే ఆగిపోయింది. 1929లో చట్టమై 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలోపు దేశమంతా హడావుడిగా పసిపిల్లల పెళ్లిళ్లు చేసిపారేశారు. మన గోదావరి జిల్లాల వాళ్లకు అప్పుడు ఇంకో దారి కూడా దొరికింది. యానాం ఫ్రెంచివాళ్ల చేతుల్లో ఉంది, బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. పిల్లల్ని బండెక్కించుకుని అక్కడికి పోయి పెళ్లి చేసుకొచ్చేవాళ్లు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా కూడా వచ్చింది. మీ ఇంట్లో తొంభై దాటిన అవ్వ ఉంటే అడిగి చూడండి, యానాం పెళ్లిళ్ల కథ ఏదో ఒకటి ఆమెకు తెలిసే ఉంటుంది.

అందరూ ఒప్పుకోని చట్టం

1927 నవంబరులో ఆమె దేవదాసీ సమర్పణ ఆపాలని తీర్మానం తెచ్చింది. ఆడపిల్లను దేవుడికిచ్చి పెళ్లి చేసేస్తే ఆ పిల్లకు మనిషితో పెళ్లి ఉండదు. ఆ కుటుంబాలకు గుడి ఇనాం భూములు ఉండేవి, సంగీతం, నాట్యం తరతరాలుగా వాళ్ల దగ్గరే ఉన్నాయి. కానీ ఆమె కాలానికి చాలాచోట్ల ఆ పిల్ల బతుకు డబ్బున్నవాడి దయ మీద ఆధారపడింది. డాక్టర్‌గా ఆమె ఇంకొకటి చూసింది. సిఫిలిస్, గనేరియా ఆ పిల్లలకు రావడం, వాళ్లకు పుట్టే బిడ్డలకు రావడం. అప్పటికి పెన్సిలిన్ లేదు. సొంత తల్లి పుట్టిన వర్గం గురించి సభలో నిలబడి మాట్లాడటం ఆమెకు ఎంత కష్టమో మనం ఊహించగలం. 

వ్యతిరేకించింది ఛాందసులొక్కరే కాదు. కాంగ్రెస్‌లో పెద్ద నాయకుడైన సత్యమూర్తి వ్యతిరేకించారు. అదలా ఉంచితే, దేవదాసీ స్త్రీలే బెంగళూరు నాగరత్నమ్మ లాంటి విదుషీమణుల ఆధ్వర్యంలో ఎదురు తిరిగారు. తమను వేశ్యలతో కలిపేయవద్దనీ, తమ చదువూ కళా ఆస్తీ లాక్కోవద్దనీ ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. ఆమెకు అండగా నిలిచిన వాళ్లలో మన యామినీ పూర్ణతిలకం ఉన్నారు, ఆమె కూడా ఆ కుటుంబాల నుంచే వచ్చిన తెలుగు మహిళ. ఈ రెండు పక్షాల్లో నేను ముత్తులక్ష్మి వైపే. కానీ నాగరత్నమ్మ బాధ అబద్ధమనను. చట్టం వచ్చాక ఆ కుటుంబాల ఆడవాళ్లు చాలామంది కచేరీలూ పోయి, గౌరవమూ రాక, పేరు చెప్పుకోలేని స్థితిలో పడ్డారు. వాళ్ల నాట్యం కొత్త పేరుతో వేరే ఇళ్ల పిల్లలకు అరంగేట్రమైంది. జబ్బును తీసేయాలన్న తొందరలో ముత్తులక్ష్మి ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్న విద్యకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని నాకనిపిస్తుంది. మేము డాక్టర్లం తరచూ చేసే పనే అది.

1929లో ఒక అడుగు ముందుకు పడింది. ఇనాం భూములను గుడి సేవతో ముడి తెంపి ఆ స్త్రీలకే దక్కేలా చట్టం మారింది. ఇక అమ్మాయిని సమర్పిస్తేనే భూమి అన్న ఒత్తిడి లేదు. 1930లో సమర్పణనే నిషేధించే బిల్లు పెట్టింది. అంతలో ఉప్పు సత్యాగ్రహం, గాంధీజీ అరెస్టు. నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేసింది. ఆమె వెళ్లాక బిల్లు మూలపడింది. అది చట్టమయ్యేసరికి 1947 వచ్చింది, మొదటి తీర్మానానికి ఇరవై ఏళ్లు. మన ఆంధ్ర జిల్లాలకూ అదే వర్తించింది. అయినా జోగిని, మాతమ్మ, బసివి పేర్లతో అది కొనసాగడం వల్ల 1988లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేయాల్సి వచ్చింది.

ఆ రాజీనామా ఏడాదిలోనే ఒక సంఘటన జరిగింది. దేవదాసీ కుటుంబాల నుంచి తప్పించుకున్న కొందరు అమ్మాయిలు ఆశ్రయం కోసం ఆమె గుమ్మం ఎక్కారు. ఏ హాస్టల్లో అడిగినా చేర్చుకోమన్నారు, కారణం పాతదే. పుదుక్కోట్టై కాలేజీలో తనకు ఎదురైంది ఇక్కడ మళ్లీ కనిపించింది. ఆమె వాళ్లను తన ఇంట్లోనే పెట్టుకుంది. అవ్వై హోమ్ అలా మొదలైంది. తర్వాత అడయార్‌లో అది బడిగా, వసతి గృహంగా పెరిగింది. నాకు ఈ భాగం చట్టాల కంటే నచ్చుతుంది. చట్టం రాసినవాళ్లు ఆ చట్టం వల్ల వీధిన పడేవాళ్లకు తమ ఇంట్లో మంచం వేయడం అరుదు.

పన్నెండు మంచాలు

ఇక చెల్లెలి సంగతికి వద్దాం. 1935లో మద్రాసు మెడికల్ కాలేజీ శతాబ్ది ఉత్సవాల్లో ఆమె క్యాన్సర్ ఆసుపత్రి కావాలని గట్టిగా చెప్పింది. పట్టించుకున్నవాళ్లు తక్కువ. క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎలాగూ పోతారు, వాళ్ల కోసం ఆసుపత్రి ఎందుకన్నది అప్పట్లో పెద్దల ధోరణి. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ వచ్చింది. దక్షిణాదికి అలాంటిది లేదు. ఆమె కొడుకు కృష్ణమూర్తిని క్యాన్సర్ సర్జరీ వైపు పంపింది. ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున 1949లో నిధి మొదలుపెట్టి చందాలు పోగుచేసింది. 1952 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. పన్నెండు మంచాలు. అప్పటికి ఆమెకు దాదాపు అరవై ఎనిమిదేళ్లు.

మరుసటి ఏడాది అక్కడికి శాంత అనే యువ డాక్టర్ వచ్చింది. ప్రభుత్వ స్త్రీ శిశు ఆసుపత్రిలో ఉద్యోగం చేతికొచ్చినా వదులుకుని, ఆ చిన్న ఆసుపత్రి ఆవరణలోనే గదిలో ఉంటూ 2021 జనవరిలో పోయేదాకా అక్కడే పనిచేసింది. మెగసెసే అవార్డు అందుకున్న డాక్టర్ వి. శాంత ఆమే. 1957లోనే అక్కడ కోబాల్ట్ రేడియేషన్ యంత్రం వచ్చింది. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి అడయార్ ఆసుపత్రికి రైలెక్కిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మీ బంధువుల్లోనూ ఒకరుండొచ్చు.

ముత్తులక్ష్మికి 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968 జులై 22న, ఎనభై రెండేళ్లు నిండటానికి వారం ముందు కన్నుమూసింది. పేద గర్భిణులకు డబ్బు సాయం చేసే తమిళనాడు ప్రభుత్వ పథకానికి ఆమె పేరే పెట్టారు.

ఈ మధ్యకాలంలో ఏం మారిందని అడిగితే, డాక్టర్‌గా నాకు రెండు దృశ్యాలు కనిపిస్తాయి. బల్లకు ఇటువైపు చాలా మారింది. నా ఎంబీబీఎస్ బ్యాచ్‌లో సగానికి దగ్గరగా అమ్మాయిలే. ఇప్పుడు మా వార్డుల్లో హౌస్ సర్జన్లలో అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తారు. సర్జరీ క్లాసులోంచి వాళ్లను ఎవరూ బయటకు పంపరు. బల్లకు అటువైపు, స్టూలు మీద కూర్చునే ఆడవాళ్ల విషయంలో అంత మారలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. 30 నుంచి 49 ఏళ్లవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు.

మధ్యతరగతి ఇళ్లలో ఇది లేదనుకోకండి. మనింట్లో నాన్నకు ఛాతీలో మంట వస్తే ఆ సాయంత్రమే ఈసీజీ. అమ్మకు ఆరు నెలలుగా నెలసరి అస్తవ్యస్తంగా ఉంటే మెనోపాజ్ వయసేగా అని వదిలేస్తాం. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మా అమ్మ హిమోగ్లోబిన్ ఎంతో, నేను డాక్టరునయ్యాక కూడా చాలాకాలం నాకు తెలియదు. నాన్న షుగర్ అంకెలు మాత్రం నోటికొచ్చు.

కాబట్టి కొన్ని పనికొచ్చే విషయాలు చెప్పేస్తాను. మలంలో రక్తం పడితే, నలభై దాటినవారైతే మరీ, మొలలని మీకు మీరే నిర్ణయించుకోవద్దు. వేలితో పరీక్ష చేయకుండా మొలల మందు రాసే డాక్టర్‌ను, నాలాంటివాణ్ని, పరీక్ష చేయమని అడగండి. మగ డాక్టర్ అయితే పరీక్షప్పుడు పక్కన నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది, అది ఎవరినీ అవమానించడం కాదు. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, రెండు నెలసరుల మధ్య గానీ కలయిక తర్వాత గానీ రక్తం పడినా ఆగకుండా చూపించుకోవాలి. రొమ్ములో గడ్డ నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. క్యాన్సర్ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు. 30 దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ ఏఎన్‌ఎంను అడిగితే ఏ రోజు చేస్తారో చెబుతుంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

నా దగ్గరికి వచ్చినావిడకు ముందు రేడియేషన్, తర్వాత ఆపరేషన్ జరిగాయి. పొట్ట మీద సంచి పెట్టాల్సి వచ్చింది. మొదట్లో ఆ సంచి చూసుకోవడానికే ఏడ్చేది, పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఇప్పుడు చెకప్‌కు ఒక్కతే బస్సులో వస్తోంది. మొన్న వచ్చినప్పుడు తన ఆడపడుచును వెంటబెట్టుకొచ్చింది. ఆవిడకు మొలలట. నేను అడగకముందే ఈవిడే నర్సును పిలిచి, ఆడపడుచును లోపలి గదిలోకి తీసుకెళ్లింది. పరీక్ష చేశాను. అవి మొలలే.